‘నాలుగు’ తెలియడానికి ఆరు నెలలు పట్టింది

మా అమ్మాయి 2020 అక్టోబరులో పుట్టింది. 2024 జూన్‌లో నర్సరీలో చేర్చేనాటికే ఒకటి నుంచి ఇరవై దాకా తెలుగులోనూ, వన్ నుంచి ఫిఫ్టీ దాకా ఇంగ్లీషులోనూ గడగడా అప్పజెప్పేది. ఇంటికి ఎవరు వచ్చినా ముందుగా అదే చెప్పించేవాళ్లం. ఆ నెలలోనే ఒక ఆదివారం భోజనాల వేళ "నాలుగు స్పూన్లు పట్టుకురా అమ్మా" అంటే గుప్పెడు తెచ్చింది. "ఎన్ని తెచ్చావు?" అని అడిగితే ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు" అంది. సరిగ్గానే లెక్కపెట్టింది. "అయితే మొత్తం ఎన్ని?" అన్నాను. మళ్లీ మొదటి స్పూను మీద వేలు పెట్టి "ఒకటి, రెండు..." అని మొదలుపెట్టింది. మూడోసారి అడిగినా అంతే. "ఆరు" అనే జవాబు మాత్రం రాలేదు.

అంకెలన్నీ వరసగా వచ్చిన పిల్లకు ‘ఎన్ని’ అనే మాటే అర్థం కావడం లేదని నాకు అప్పుడే తెలిసింది. అక్కడి నుంచి 2025 ఏప్రిల్ దాకా మా ఇంట్లో జరిగినదంతా రాస్తున్నాను. మీ పిల్లలు ఈ దశలో ఉంటే ఎంతకాలం ఎదురుచూడాల్సి వస్తుందో, మధ్యలో ఏమేం జరుగుతాయో తెలుస్తుంది. నాకు అప్పట్లో ఎవరైనా ఇది చెప్పి ఉంటే చాలా రాత్రులు ప్రశాంతంగా నిద్రపోయేదాన్ని.

జూలైలో మా పిన్ని వచ్చింది. గుంటూరు జిల్లాలో పాతికేళ్లకు పైగా అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. స్పూన్ల సంగతి చెబితే తను ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి చింతపండు డబ్బాలోంచి పిక్కలు ఏరుకొచ్చి నేల మీద పోసి, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చెయ్యి చాపి "చిన్నమ్మమ్మకు ఒకటి ఇవ్వు" అంది. పాప ఒకటి ఇచ్చింది. "ఇప్పుడు రెండు ఇవ్వు." రెండు ఇచ్చింది. "మూడు ఇవ్వు." పాప చేతికి అందినన్ని తీసి పిన్ని చేతిలో పోసేసింది. లెక్కపెట్టే ప్రయత్నమే చేయలేదు. పిన్ని మళ్లీ కాసేపు ఆడించి, మళ్లీ మూడు అడిగింది. మళ్లీ గుప్పెడే.

"రెండు దాకా వచ్చింది తల్లీ. మూడు ఇంకా రాలేదు. అంతే, ఇంకేమీ లేదు" అంది పిన్ని.

"యాభై దాకా చెబుతుంది కదా పిన్నీ?"

"అది పాట. పాట వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. ఒకటి తెలిశాక రెండు తెలియడానికి కొన్ని నెలలు, రెండు తెలిశాక మూడుకు ఇంకొన్ని నెలలు పడతాయి. నువ్వు పరీక్షలు పెట్టకు. ఆడించు."

తర్వాత రాత్రుళ్లు కూర్చుని చదువుతుంటే కరెన్ విన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన కంటపడింది. 1990లోనూ 1992లోనూ ఆమె ప్రచురించిన పత్రాల్లో ఉన్నది అచ్చం పిన్ని ఆడించిన ఆటే. పిల్లలను ‘ఎన్ని ఉన్నాయి’ అని అడగడం కన్నా ‘ఇన్ని ఇవ్వు’ అని అడిగితేనే వాళ్లకు నిజంగా ఎంతవరకు తెలుసో బయటపడుతుంది. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు ఇలా ఒక్కొక్కటే నేర్చుకుంటారు. లెక్కపెట్టడం దేనికో పూర్తిగా అర్థం కావడానికి సుమారు ఏడాది పడుతుంది. పిన్నికి ఆ పేరు తెలియదు. ఆ పత్రాలు చదివే అవకాశం కూడా ఆమెకు ఎప్పుడూ రాలేదు. వందల మంది పిల్లల చేతుల్లో పిక్కలు పెట్టి చూసింది, అంతే. ఆ రెండూ ఒకే మాట చెబుతుంటే నాకు కొండంత ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఆగస్టు దాకా నిలిచింది. ఆగస్టు మూడో వారంలో బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. "మీ పాప నోటితో చెబుతుంది గాని బొమ్మలు లెక్కపెట్టమంటే తికమకపడుతోంది, ఏకాగ్రత తక్కువ, సాయంత్రం ట్యూషన్ పెట్టించండి" అన్నారు. ట్యూషన్ కూడా వాళ్ల ప్రాంగణంలోనే, నెలకు 1,500 రూపాయలు. మూడేళ్ల పది నెలల పిల్లకు ట్యూషన్! మా ఎదురింటి బాబు, మా పాప ఈడువాడే, పలక నిండా వంద దాకా రాస్తాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక మా ఆయనతో మాట్లాడుతూ ఏడ్చేశాను. పిల్లలో ఏదైనా లోపం ఉందేమో, మనకే తెలియడం లేదేమో అన్న భయం ఒకసారి పట్టుకుంటే ఏ పుస్తకమూ దాన్ని పోగొట్టదు.

అదే నెలలో చిన్నవాడికి టీకా కోసం పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు పాపను కూడా చూపించాం. ఫీజు 500 రూపాయలు. గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది. ఆయన పాపతో కాసేపు మాట్లాడారు, బొమ్మల పుస్తకం చూపించి కథ చెప్పించారు, వినికిడి, చూపు గురించి అడిగారు. "మాట బాగుంది, చూపు బాగుంది, ఆట బాగుంది. ఈ వయసుకు ఇది మామూలే. ఇంట్లో ఆడించండి" అన్నారు. పిన్ని మాటే! ట్యూషన్ ఆలోచన ఆ రోజుతో ముగిసింది.

ఆడించడం అని సులభంగా అంటారు గాని ఏ ఆట అనేదే అసలు ప్రశ్న. మొదట ఫోనులో అంకెల యాప్‌కు ఏడాది చందా కట్టాను, 1,499 రూపాయలు. బొమ్మలు కదులుతాయి, సరైన అంకె నొక్కితే చప్పట్లు వినిపిస్తాయి. పాప వారం రోజుల్లో అన్నీ సరిగ్గా నొక్కడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని గమనిస్తే తెలిసింది: తప్పు నొక్కితే ఏమీ కాదు, ఒప్పు నొక్కేదాకా తెర మీది మూడు అంకెలనూ వరసగా నొక్కుతోంది. దాన్ని తీసేశాను. తర్వాత హస్తకళల దుకాణంలో చెక్క వామనగుంటల పీట కొన్నాను, 850 రూపాయలు. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు, చూడటానికి ముచ్చటగా ఉంది. ఆట మాత్రం పాపకు అప్పుడే అందేది కాదు. గుంటలోని పిక్కలు తీసి తరువాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవడం బాగా నచ్చింది గాని, ఖాళీ గుంట వచ్చినప్పుడు దాని పక్క గుంటలోవి గెలుచుకోవడం అర్థమయ్యేది కాదు. పీట అటక ఎక్కింది.

నిజంగా పని చేసింది కోడిగుడ్ల అట్ట. ముప్పై గుడ్లు పట్టే అట్ట, కిరాణా కొట్టులో ఊరికే ఇచ్చారు. దాన్ని కత్తిరించి అయిదు గుంటల ముక్క ఒకటి, మూడు గుంటల ముక్కలు రెండు చేశాను. గుంటకు ఒక పిక్క, అంతకు మించి వేయకూడదు. అంతే ఆట. పిల్లలు లెక్కపెట్టేటప్పుడు ఒకదాన్ని రెండుసార్లు తాకుతారు, లేదా ఒకదాన్ని దాటేస్తారు. నోరు ముందు పరుగెడుతుంది, వేలు వెనకబడుతుంది. గుంటలో పిక్క వేసినప్పుడు ‘టక్’ మని చిన్న చప్పుడు వస్తుంది కదా, ఆ చప్పుడు కోసం పాప నోటిని ఆపుకోవడం నేర్చుకుంది. చప్పుడుకు ఒక అంకె. సెప్టెంబరు నెలంతా ఇదే ఆట. ఒక్కోరోజు అయిదు నిమిషాలు కూడా ఆడేది కాదు. ఇంకోరోజు అరగంట లేచేది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చిన్నవాడికి అప్పటికి ఏడాదిన్నర దాటింది. అక్క ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి, నేల మీద ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకుంటాడు. ఒకరోజు చింతపిక్క నోటి దాకా వెళ్లింది, మా అత్తయ్యగారు చూసి లాక్కున్నారు. అప్పటి నుంచి వాడు మేలుకుని ఉన్నంతసేపూ పిక్కల డబ్బా అలమారలోనే. వాడు కూడా ఉన్నప్పుడు ఉల్లిపాయలు, నిమ్మకాయలు, బట్టలు ఆరేసే క్లిప్పులు వాడేవాళ్లం. అది కూడా మంచిదే అయింది. అన్నీ పిక్కలే అయితే ‘మూడు’ అంటే పిక్కల సంగతే అనుకుంటుందేమో. మూడు ఉల్లిపాయలు, మూడు క్లిప్పులు, మూడు చప్పట్లు అన్నీ మూడే అని తనంతట తనే గమనించింది.

సెప్టెంబరు ఆఖరు వారంలో మూడు వచ్చింది. జూలై మొదట్లో పిన్ని చూసినప్పుడు లేని మూడు. దాదాపు మూడు నెలలు! ఈ మూడు నెలల్లో బయటికి ఏ మార్పూ కనిపించదు. రోజూ ఆడిస్తాం, రోజూ గుప్పెడే ఇస్తుంది. ఒకరోజు మాత్రం బట్టలు ఆరేస్తూ "మూడు క్లిప్పులు అందుకో" అంటే సరిగ్గా మూడు అందించి, తన పని అయిపోయినట్టు వెళ్లిపోయింది. నేను ఆ క్లిప్పులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అక్టోబరులో నాలుగో పుట్టినరోజు. వచ్చిన వాళ్లందరికీ నాలుగు వేళ్లు చూపించి "నాకు నాలుగేళ్లు" అని చెప్పింది. మర్నాడు నాలుగు బిస్కెట్లు తెమ్మంటే అయిదు తెచ్చింది, ఆ మర్నాడు ఏడు తెచ్చింది. తన వయసు నాలుగు అని తెలుసు. దానికి వేళ్లు ఎలా చూపించాలో తెలుసు. బిస్కెట్ల నాలుగు ఇంకా తెలియదు. వేళ్లు చూపించగానే పిల్లకు ఆ అంకె వచ్చేసిందని అనుకుంటారు చాలామంది. ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉందని నేను కళ్లారా చూశాను.

నవంబరు సమావేశంలో ఈసారి రాయడం గురించి చెప్పారు. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి ఒకటి నుంచి యాభై దాకా రాయాలట. రోజూ రెండు పేజీల ఇంటిపని. నాలుగేళ్ల పిల్ల వేళ్లకు పెన్సిలు పట్టు కూడా సరిగ్గా రాలేదు, రెండో పేజీకి చెయ్యి నొప్పి అని ఏడుస్తుంది. నేను చదువుకుని వెళ్లాను. 2020 జాతీయ విద్యావిధానం, దాని వెంట 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆట ద్వారానే నేర్పాలని చెబుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ‘జాదూయీ పిటారా’ అని ఆటవస్తువుల పెట్టెను కూడా విడుదల చేసింది. ఇవన్నీ గట్టిగా అడగాలనే వెళ్లాను. ఎదురుగా కూర్చున్న క్లాసు టీచరు ముఖం చూశాక గొంతు తగ్గింది. ముప్పై ఎనిమిది మంది పిల్లలకు ఆమె ఒక్కరే. యాభై దాకా రాయించమన్నది పైవాళ్లు. "అమ్మా, మీరు ఇంట్లో ఆడిస్తున్నారంటే నాకు సంతోషమే. సగం పేజీ రాయించి పంపండి, నేను చూసుకుంటాను" అన్నారు. ఆ తర్వాత మార్చి దాకా సగం పేజీయే పంపాం. ఆమె ఒక్కసారి కూడా ఎర్ర ఇంకుతో ఏమీ రాయలేదు. బడితో పేచీ పెట్టుకునే ముందు టీచరుతో విడిగా ఒక మాట మాట్లాడి చూడమని నా సలహా.

నాలుగు వచ్చింది మాత్రం ముగ్గుల్లో.

డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైంది. మాది మూడో అంతస్తులో ఇల్లు. గుమ్మం ముందు నాలుగడుగుల జాగా ఉంటుంది. ఆ నెలంతా అక్కడ ముగ్గు వేయడం నాకు అలవాటు. బడి వ్యాను ఏడున్నరకు వస్తుంది కాబట్టి ఆరింటికే లేచేదాన్ని. పాప కూడా దుప్పటి కప్పుకుని వచ్చి గడప మీద కూర్చునేది. రెండోరోజో మూడోరోజో తనూ వేస్తానంది. ముగ్గుపిండి దాని వేళ్లకు లొంగలేదు, చుక్క పెట్టబోతే గీత పడుతోంది. సుద్దముక్క ఇచ్చాను. సుద్దముక్కల పెట్టె 40 రూపాయలు. ఈ ప్రయాణం మొత్తంలో నేను పెట్టిన ఖర్చుల్లో దానికి సాటి వచ్చేది లేదు.

మొదట్లో నేరుగా వరుసలు. అయిదు చుక్కలు, వాటి కింద అయిదు, వాటి కింద అయిదు. నేను పెట్టిన చుక్క కింద తను ఒక చుక్క పెట్టాలి. గుడ్ల అట్ట ఆటే ఇది, గుంటలు లేకుండా. దానికి నాలుగైదు రోజుల్లో చెయ్యి తిరిగింది. అప్పుడు సందుచుక్క మొదలుపెట్టాం. తెలియని వాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో అయిదు చుక్కల వరుస పెడతాం. పై వరుసలో చుక్కలు ఆ అయిదింటికీ ఎదురుగా రావు, రెండేసి చుక్కల మధ్య సందులో వస్తాయి. కాబట్టి నాలుగే పడతాయి. దాని పైన మూడు. కింద వైపు కూడా అంతే. ‘అయిదు నుంచి మూడు, సందుచుక్క’ అంటారు.

నేను మధ్య వరుస అయిదు చుక్కలు పెట్టి "ఇప్పుడు సందుల్లో నువ్వు పెట్టు" అన్నాను. అంకె ఏదీ చెప్పలేదు. పాప ముందుకు వంగి, జుట్టు ముఖం మీద పడుతుంటే ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కొక్క సందులో ఒక్కొక్క చుక్క పెట్టింది. చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో చుక్క పెట్టడానికి సందు లేదు. సుద్దముక్క గాలిలో ఉంది. వెనక్కి వచ్చి వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"అమ్మా, నాలుగే పట్టాయి."

"అవునా?"

"కింద అయిదు. ఇక్కడ నాలుగే. ఒకటి పట్టలేదు."

తర్వాత నేను చెప్పకుండానే ఆ నాలుగింటి సందుల్లో మళ్లీ పెట్టింది. "ఇప్పుడు మూడు పట్టాయి. మళ్లీ ఒకటి పట్టలేదు!" అంది. ఆ ‘ఒకటి పట్టలేదు’ అన్న మాట దానికి ఎంత నచ్చిందంటే, ఆ రోజు ముగ్గు పూర్తి కానివ్వలేదు. మూడు పైన రెండు, రెండు పైన ఒకటి పెట్టించి, గోపురం లాగా చేసి, వ్యాను హారన్ కొడుతున్నా లేవలేదు.

ఆ వారాంతంలో పిక్కలు పోసి, పిన్ని అడిగినట్టే అడిగాను. నాలుగు ఇవ్వమంటే నాలుగు ఇచ్చింది. సరే, అయిదు. లెక్కపెట్టి అయిదు ఇచ్చి ఆగింది. ఆరు, ఏడు కూడా ఇచ్చింది. తొమ్మిది అడిగితే మధ్యలో లెక్క తప్పి, "ఉండు" అని అన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ మొదలుపెట్టి తొమ్మిది ఇచ్చింది. రెండు నుంచి మూడుకు దాదాపు మూడు నెలలు, మూడు నుంచి నాలుగుకు మరో మూడు నెలలు పట్టింది. అక్కడి నుంచి పది దాకా ఒకేసారి వచ్చేసింది. నేను చదివిన పరిశోధనల్లో ఇదే రాసి ఉంది. మూడో నాలుగో దాకా ఒక్కొక్కటిగా వెళ్లిన పిల్లలు, ఆ తర్వాత ఒక్కసారిగా లెక్కపెట్టడం లోని కిటుకు పట్టేస్తారని. చదివినప్పుడు నమ్మలేదు. పిన్నికి ఫోను చేస్తే "నాలుగు దాటితే ఇక వెనక్కి చూడరు తల్లీ" అంది.

ముగ్గు వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. అప్పటికి ఆ పిల్ల ఎలాగూ అక్కడికి చేరేదేమో. కానీ ఒక వరుసకూ తరువాతి వరుసకూ తేడా ఎప్పుడూ ఒకటే అన్న సంగతి దాని కళ్ల ముందు, దాని చేతి కింద జరిగింది. పుస్తకంలో ఏనుగుల బొమ్మలు లెక్కపెడితే అది ఎక్కడ కనిపిస్తుంది?

సంక్రాంతికి తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. భోగినాడు సాయంత్రం చిన్నవాడికి భోగిపళ్లు పోశారు. రేగుపళ్లు, చిల్లర డబ్బులు, చెరకు ముక్కలు, పూలరేకులు చాప మీద చెల్లాచెదురుగా పడితే పిల్లలంతా ఎగబడ్డారు. మా పాప ఒక మూల కూర్చుని తనకు దొరికిన పళ్లన్నీ వరసగా పేర్చుకుంది. ఆ వరస చూసి నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అంతకు ముందు కుప్పలోనే లెక్కపెట్టేది, ఏది లెక్కపెట్టిందో ఏది పెట్టలేదో మరిచిపోయేది. వరసగా పేర్చుకుంటే లెక్క తప్పదని ఎవరూ చెప్పలేదు.

కనుమ మర్నాడు మా మామయ్యగారు కొత్త బియ్యం డబ్బాలోకి కొలుస్తున్నారు. ఇప్పుడు ధాన్యం బస్తాల్లో తూకం వేసే అమ్ముతారు గాని, ఇంటి బియ్యానికి ఆయన ఇప్పటికీ కుంచమే వాడతారు. మొదటి కుంచం పోస్తూ "లాభం" అన్నారు. తర్వాత "రెండు", "మూడు". పాప నా కొంగు లాగి "తాతయ్య ఒకటి చెప్పలేదు" అంది. ఆయన నవ్వి, "మొదటి కుంచాన్ని లాభం అంటామమ్మా" అని కొలవడం కొనసాగించారు. "నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

పాప నిలబడి చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఆరు వేళ్లు తెరిచి, ఇంకో వేలు తెరిచింది. కొలవడం అయిపోయాక తాతయ్య దగ్గరకు వెళ్లి, "లాభమంటే ఒకటి. ఆరున్నొకటంటే ఏడు. నువ్వు పన్నెండు పోశావు తాతయ్యా" అంది. మామయ్యగారు ముచ్చటపడి ఎత్తుకున్నారు. నాకు మాత్రం జూన్ నెల గుర్తొచ్చింది. అప్పుడు పాటలో ఒక్క మాట మారిస్తే మొత్తం చెదిరిపోయేది, మళ్లీ ‘వన్’ నుంచి ఎత్తుకునేది. ఇప్పుడు అంకెల పేర్లు మార్చినా లెక్క చెదరలేదు.

ఫిబ్రవరిలో గడుల ఆట మొదలుపెట్టాం. దీని వెనక కూడా ఒక పరిశోధన ఉంది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు 2008లో ప్రచురించారు. ఒకటి నుంచి పది దాకా అంకెలు రాసిన తిన్నని గడుల పలక మీద పిల్లలను పావుగంట చొప్పున నాలుగు విడతలు ఆడించారు. అదే ఆటను అంకెలు లేకుండా రంగుల గడులతో ఇంకొందరిని ఆడించారు. అంకెల గడులతో ఆడిన పిల్లలకు అంకెల మీద పట్టు పెరిగింది, తొమ్మిది వారాల తర్వాత చూసినా నిలిచే ఉంది. రంగుల గడులతో ఆడిన వాళ్లకు ఆ ఫలితం రాలేదు. గడులు తిన్నగా ఉండటం కూడా ముఖ్యమే. గుండ్రంగా తిరిగే పలకతో అంత ప్రయోజనం కనిపించలేదని తర్వాతి అధ్యయనంలో చెప్పారు. అందుకే అష్టాచెమ్మా నేర్పాలన్న ఆశ వాయిదా వేసుకుని, అట్టముక్క మీద స్కేలుతో పది గడులు తిన్నగా గీశాను. పాచికకు బదులు ఒక చింతపిక్కను గచ్చు మీద ఒక వైపు తెల్లగా వచ్చేదాకా రుద్దాం. తెలుపు పడితే ఒక గడి, నలుపు పడితే రెండు గడులు.

ఇందులో చిక్కంతా ఒక నియమంలో ఉంది. నాలుగో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అంటూ జరపకూడదు, "అయిదు, ఆరు" అని గడిలో ఉన్న అంకె చదువుతూ జరపాలి. పాపకు ఇది అస్సలు నచ్చలేదు. రెండు వారాల పాటు "నాకు పడింది రెండే కదా, అయిదు ఎందుకు అనాలి?" అని పోట్లాడింది. దాని వాదనలో న్యాయం ఉంది. నేను బలవంతం చేయకుండా, నా వంతు వచ్చినప్పుడు మాత్రం గడి అంకె గట్టిగా చదువుతూ జరుపుకునేదాన్ని. నెలాఖరుకు తనూ అలాగే అనడం మొదలుపెట్టింది. ఆ వెంటనే కనిపించిన మార్పు ఏమిటంటే, మెట్లెక్కుతూ మధ్యలో మాట్లాడి ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేది కాదు, ఆగిన చోటి నుంచే అందుకునేది.

మనుషుల లెక్క వేరే తంటా. కంచాలు వేసేటప్పుడు "మనం రెండు అమ్మమ్మలు, మూడు పెద్దవాళ్లు" అనేది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనడం దిద్దుతూ దిద్దుతూ ఏప్రిల్ దాకా సాగింది. దీనికి ప్రత్యేకంగా ఆట ఏదీ పెట్టలేదు, రోజూ కంచాలు వేయించామంతే.

మార్చిలో బడి నివేదిక వచ్చింది. అంకెలు రాయడంలో తక్కువ గ్రేడు, నోటి లెక్కలో ఎక్కువ గ్రేడు. రెండు, ఆరు ఇప్పటికీ అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తుంది. ఇంగ్లీషులో థర్టీన్‌కూ థర్టీకీ మధ్య తడబడుతుంది. ఇవి నాకు బెంగ కలిగించడం లేదు. మొత్తం ఖర్చు చూసుకుంటే యాప్ 1,499, వామనగుంటల పీట 850, డాక్టరు 500, సుద్దముక్కలు 40. వీటిలో నిజంగా అవసరమైనవి చివరి రెండే. పీట ఈ వేసవిలో అటక దిగుతుంది, తాతయ్య నేర్పుతానన్నారు.

‘ఇన్ని ఇవ్వు’ అని అడిగి చూడాలనుకునే వాళ్లకు ఒక మాట. నెలకు ఒకసారి చాలు. నేను ఆగస్టులో భయంతో రోజూ అడిగిన వారంలో పాప పిక్కల డబ్బా చూస్తేనే పారిపోయేది. తప్పు ఇచ్చినా దిద్దకుండా తీసుకోవాలి, ఆట సాగిపోవాలి. ఏ అంకె దగ్గర గుప్పెడు వస్తోందో మీకు తెలిస్తే చాలు. ఆ అంకెనే ఆ నెలంతా వంటింట్లో, బట్టల దండెం దగ్గర, మెట్ల మీద వాడుతూ ఉండండి.

ఇప్పుడు పాప తెలుగు అంకెల్లో ఇరవై దాటింది. నిన్న రాత్రి చిన్నవాడిని నిద్రపుచ్చుతూ దోమతెర గళ్లు లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది, ఇరవై పదకొండు. "అవునమ్మా, ఇరవై పదినే ముప్పై అంటారు" అన్నాను. "అయితే ముప్పై పదిని?" అని అడిగింది.